గేటుకు తాళము వేసి వానకై ప్రార్థించవచ్చునా?



2024 ఏప్రిల్ నెలను బళ్లారి ప్రాంతములోని మనవారు అంత సులువుగా మరువలేరు. ఎండలు మనకు కొత్త కాదు. పశ్చిమ కనుమలు నైరుతి మేఘములను ఆవలివైపే కురిపించుకొని, మిగిలినది మనకు పంపుతాయి. అందుచేత ఇది ఎప్పుడూ వానకు కరవైన సీమే. కాని ఆ ఏడు వేరు. 2023లో వానలు తప్పిపోయి, కర్ణాటకలోని 236 తాలూకాలలో 223 తాలూకాలను కరవు తాలూకాలుగా ప్రభుత్వము ప్రకటించింది. ఆ మీదట 2024 ఏప్రిల్‌లో పడవలసిన మామిడి జల్లులు కూడా ముఖము చాటేశాయి. చల్లని ఊరని పేరున్న బెంగళూరులోనే 1983 తరువాత మొదటిసారిగా ఏప్రిల్ నెలంతా వాన నమోదు కాలేదు. దక్షిణ భారతములో ఆ ఏప్రిల్ పగటి వేడిమి సగటు, 1901 నుండి ఉన్న లెక్కలలో రెండవ అత్యధికమని వాతావరణ శాఖ చెప్పింది. మా ఊరిలో 40 డిగ్రీలు దాటిన రోజులను లెక్కపెట్టుట మానివేశాము.

ఆ నెలలో మా సంఘము ఎదుట ఒక ప్రశ్న నిలిచింది. దానిని మీతో పంచుకొనుటకే ఈ నాలుగు మాటలు.

మందిర ఆవరణములో మాకొక బోరు ఉన్నది. వీధిలోని బోర్లు ఒక్కొక్కటిగా ఎండిపోగా, ఇది మాత్రము ధార సన్నగిలినా ఆగలేదు. తెల్లవారకముందే స్త్రీలు బిందెలతో వచ్చేవారు. వారిలో మనవారు కొందరే. ఎక్కువ మంది కన్నడమువారు, ఇతర మతములవారు. కొన్నాళ్లు అందరికీ పోశాము. తరువాత కరెంటు బిల్లు పెరిగింది, మోటారు ఒకసారి కాలింది, వరుసలో తగవులు వచ్చాయి. సంఘ పెద్దలమైన మేమే కూర్చుండి, గేటుకు తాళము వేసి, సంఘ సభ్యులకు మాత్రమే ఉదయము ఒక గంట నీళ్లు ఇవ్వాలని తీర్మానించాము. ఆ శుక్రవారమే వానకై ఉపవాస ప్రార్థన పెట్టాము. లోపల మేము మోకరించి ఉండగా, బయట గేటు దగ్గర ఖాళీ బిందెల చప్పుడు వినబడుచునే ఉన్నది.

అదే నెలాఖరున తొమ్మిది మందికి బాప్తిస్మము ఇవ్వవలసి ఉన్నది. వారిలో డిగ్రీ చదువుకొనుచున్న ఒక అమ్మాయి వచ్చి, "తాతయ్యగారూ, ఆ తొట్టి నిండడానికి ఎన్ని బిందెలు పడతాయి?" అని అడిగింది. పాతికేళ్లకు పైగా బడిలో లెక్కలు చెప్పినవారము కనుక వెంటనే కట్టి చూపించాము. పది అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల నీరు. సుమారు 5,000 లీటర్లు. పదిహేను లీటర్ల బిందె అయితే సుమారు 330 బిందెలు. ఆ పిల్ల ఏమీ అనలేదు. గేటు వైపు చూసింది. లెక్క మాకు అప్పుడు అర్థమైంది.

కమిటీలో రెండు పక్షములు ఏర్పడ్డాయి. బాప్తిస్మము ప్రభువు ఆజ్ఞ, చిలకరింపు మనకు లేదు, కరవు పేరు చెప్పి విధేయతను వాయిదా వేయరాదు అని ఒక పక్షము. ఈ మాట తేలికగా తీసివేయదగినది కాదు. అయితే మన చరిత్రలోనే ఒక సంగతి ఉన్నది. 1876-78 నాటి మహా క్షామములో బళ్లారి మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో ఒకటి. ఒంగోలులో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో కొంత భాగము ఒప్పుకొని, ఆకలిగొన్నవారికి పని, కూలి ఇచ్చారు. ఆ కాలములో ఏడాదికి పైగా ఎవరికిని బాప్తిస్మము ఇవ్వలేదు. కూటి కొరకు క్రీస్తును ఒప్పుకొనే శోధన ఎవరికీ కలుగరాదని ఆయన తలంపు. కరవు తీరిన తరువాతనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఆయన ఆపినది నీళ్లు లేక కాదు, నిజమే. కాని ఇందులో మనకు రెండు పాఠములు ఉన్నవి. మొదటిది, బాప్తిస్మము ఆగితే విశ్వాసము చావదు. దాహము ఆగదు. రెండవది మరింత గట్టిది. "సభ్యులకే నీళ్లు" అన్న మా తీర్మానము, ఆయన దేనికి భయపడ్డారో దానినే చేసింది. సంఘ సభ్యత్వమును నీళ్ల కార్డుగా మార్చింది.

"బోరు మన కానుకలతో వేసినదే కదా?" అని కొందరన్నారు. గొట్టము మనది, మోటారు మనది. భూమి లోపలి నీరు మన ప్రహరీ గోడను ఎరుగదు. పైగా మనలో అనేకుల తండ్రులు ఇక్కడికి వచ్చినదే నీళ్లను వెదకుకొనుచు. 1953లో తుంగభద్ర ఆనకట్ట కట్టిన తరువాత కోస్తా నుండి వచ్చి సిరుగుప్ప వైపున క్యాంపులు వేసికొన్నవారి బిడ్డలము. అప్పుడు ఈ నేల మన కులగోత్రములు అడిగి నీళ్లు ఇవ్వలేదు.

ఇక కరవు దేవుని శిక్ష అనువారు ఉన్నారు. సిలోయము గోపురము కూలి చనిపోయినవారు తక్కినవారికంటె పాపులా అని ప్రభువే అడిగిన సంగతి లూకా 13వ అధ్యాయములో చదువుకొన్నాము. 1877లో వాన ఆగినది ఆకాశములో. సహాయ పనులలో కూలిని రోజుకు ఒక పౌను ధాన్యమునకు దించినది మాత్రము మనుష్యులే. తుంగభద్ర జలాశయము మొదట 133 టి.ఎం.సి.లు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు సుమారు 105 మాత్రమే. ఆకాశము మీద నేరము మోపుటకు ముందు మన చేతులు చూచుకొనుట మంచిది.

తుదకు తాళము తీశాము. మనిషిని చూడకుండ ఇంటికి ఉదయము రెండు, సాయంత్రము రెండు బిందెలు. కరెంటు ఖర్చుకు ఇవ్వగలవారు ఇచ్చారు. ఇవ్వలేనివారిని అడగలేదు. వీధిలోని ఇద్దరు కన్నడ తల్లులే నిలబడి వరుస చూచుకొన్నారు. బాప్తిస్మములను వాయిదా వేశాము. వానలు వచ్చి, డ్యాము నిండి, కాలువ పారినాక, ఆగస్టు మొదటి ఆదివారమున ఆ తొమ్మిది మందీ కాలువ నీటిలో దిగారు.

ఆ వారములోనే, ఆగస్టు 10 రాత్రి, నిండిన డ్యాములో 19వ గేటు గొలుసు తెగి నీరు నదిపాలైంది. వయోవృద్ధులైన ఇంజనీరు కన్నయ్య నాయుడుగారి ఆధ్వర్యములో, పారుచున్న నీటిలోనే పనివారు అడ్డుపలకలు దించి మిగిలినది కాపాడారు. వాన దేవుడు ఇచ్చినదే. దానిని నిలుపుకొనుట, పంచుకొనుట మనకు అప్పగించినాడు.

మీలో అనేకులు కొళాయి తిప్పగానే నీళ్లు వచ్చే పట్టణములలో స్థిరపడ్డారు. మీ మందిరములకు బోరు లేకపోవచ్చు, గేటు మాత్రము ఉంటుంది. ఈసారి ప్రార్థనకు మోకరించినప్పుడు, ఆ గేటు బయట ఏ చప్పుడు వినబడుచున్నదో ఒక్క క్షణము ఆలకించండి.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.