సరుగుడు చెట్టు క్రింద ఆడుకున్నవారు



మీ పిల్లల ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలో తోరూ దత్ పేరు ఎప్పుడైనా కనిపించిందా? ఆమె 1856లో కలకత్తాలో జన్మించిన బెంగాలీ యువతి. 1862లో ఆ కుటుంబం జ్ఞానస్నానం పొందింది. ఆమె వ్రాసిన 'అవర్ కాజువరీనా ట్రీ', అనగా 'మా సరుగుడు చెట్టు' అనే కవిత ఆమె మరణించిన తరువాత, 1882లో లండన్‌లో పుస్తకంగా వెలువడింది. నూరేళ్ళు దాటినా మన దేశంలో విద్యార్థులు దానిని ఇంకా చదువుతూనే ఉన్నారు.

మన కోస్తావారికి సరుగుడు అంటే కవిత్వం గుర్తుకు రాదు. నాలుగైదేండ్లు పెంచి, నరికి, గుంజలకూ వంటచెరకుకూ అమ్ముకొనే పంట అది. తోరూ చూసిన చెట్టు వేరు. దాని మానును కొండచిలువలాగా చుట్టుకున్న పెద్ద తీగ, పైకొమ్మన కదలకుండా కూర్చుని సూర్యోదయం చూసే కోతి, నీడపడిన చెరువులో తెల్లని కలువలు! అయితే ఒక్క విషయంలో రెండూ ఒకటే. గాలి వీచినప్పుడు సరుగుడు తోపులో పుట్టే ఆ హోరు సముద్రమా, ఏడుపా అనిపిస్తుంది. తీరప్రాంతం వారికి ఇది నేను చెప్పనక్కరలేదు. తోరూకు కూడా అది విలాపంగానే వినిపించింది. ఫ్రాన్సు, ఇటలీ తీరాలలో ఉన్నప్పుడు సైతం అదే వినిపించిందని వ్రాసింది.

చెట్టు గొప్పగా ఉన్నందుకు కాదట, దాని క్రింద తనతో ఆడుకున్నవారి మూలంగా అది తనకు ప్రియమైనదట. అన్న అబ్జూ 1865లో, అక్క ఆరూ 1874లో మరణించారు. 1877లో, ఇరవై ఒక్క ఏళ్ళకే, తోరూ కూడా వెళ్ళిపోయింది.

ఈ కవిత చదివినవారు చాలామంది వెంటనే తమ చెట్టును తలచుకుంటారు. అమ్మమ్మగారి ఊరి మామిడి, బడి ముందరి వేప, దేవాలయ ఆవరణలోని చింత. కవితను గురించి అడిగితే మీ ఊరి కబుర్లు చెబుతారేమిటని మాస్టార్లు విసుక్కుంటారు. నాకు మాత్రం ఆ చదువరులదే సరైన దారి అనిపిస్తుంది. అబ్జూ, ఆరూల ముఖాలు మనమెరుగము. మన చేతిలో ఉన్నది మన చెట్టే. నవంబరు 2న, మరణించిన విశ్వాసులందరిని స్మరించే రోజున, మనవారి సమాధిపై కొవ్వొత్తి వెలిగించిన తరువాతనే గదా ప్రక్క సమాధి దగ్గర ఏడ్చేవారి బాధ మనకు తెలిసేది!

మరి చెట్టును చెట్టుగా గాక మనుషుల కోసం ప్రేమించడం తక్కువరకం ప్రేమ కాదా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాని కవితలో అయిదు చరణాలున్నాయి. మొదటి రెండింటిలో ఆమె చెట్టును, దాని చుట్టూ ఉన్న తెల్లవారుజామును కళ్ళారా చూసింది. ఆ తరువాతనే తనవారి మాట ఎత్తింది. జ్ఞాపకం ఆమె కళ్ళకు గంతలు కట్టలేదు.

నాకు కష్టమనిపించేది వేరొకటి. మన విచారణలలో ఎన్ని ఇళ్ళలో లేదు ఈ కథ? పంపకాలలో వేపచెట్టు తమ్ముడి వాటాలోకి వస్తుంది. గోడకు అడ్డమని అతడు కొట్టిస్తాడు. "మా అమ్మ నాటిన చెట్టు" అని అన్న కన్నీళ్ళు పెట్టుకుంటాడు. పదేళ్ళు మాటలుండవు. ఇల్లు కట్టుకోవాలనుకోవడం తప్పు కాదు. కొట్టేముందు ఒక్క కబురు పంపి ఉండవచ్చు, అంతే. అయితే ఏడ్చిన అన్న మాత్రం ఏం చేశాడు? చెట్టును తలచుకున్నాడు గాని, దాని క్రింద తన వెంటపడి తిరిగిన చిన్నవాడిని మరచిపోయాడు. చెట్టు కోసం ఏడ్వడం తేలికే. చెట్టు ఎదురు చెప్పదు, వాటా అడగదు.

తోరూకు అబ్జూతో, ఆరూతో మాట్లాడే వీలు లేకపోయింది. కవిత వ్రాయడమే ఆమె చేయగలిగింది. మీ తమ్ముడు ఉండేది బస్సులో గంట ప్రయాణం దూరంలోనే కావచ్చు. ఆ వేపకొమ్మకు ఊయల కట్టినది మీరా, తనా? ఆయనకు గుర్తుందేమో, ఎప్పుడైనా అడిగారా?