మిర్చి మంచిదని తేల్చేదెవరు?

నాణ్యత సరుకులో ఉంటుందా, చూసేవారి నాలుకలో ఉంటుందా? తర్కశాస్త్రానికి ఇది పాత చర్చే. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ మొదలైతే ఇదే ప్రశ్న రోజూ రూపాయల్లో తేలుతుంది.

17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో రుచిని నాలుక గ్రహించే గుణమన్నాడు, ఆరు రుచుల్లో కారాన్నీ చేర్చాడు. ఆ లెక్కన కారం కాయదే, నాలుక దాన్ని కనిపెడుతుందంతే. ఆధునిక శాస్త్రం ఇందులో సగమే ఒప్పుకుంటుంది. కాయలో ఉన్నది క్యాప్సైసిన్. అది వేడిని, నొప్పిని పసిగట్టే నాడీ గ్రాహకాన్ని తాకితేనే మంట పుడుతుంది. 1912లో అమెరికన్ ఫార్మసిస్ట్ స్కోవిల్ కారాన్ని కొలిచింది కూడా మనుషుల నాలుకలతోనే. మంట తెలియనంతగా పలుచబడేదాకా కాయసారంలో చక్కెర నీళ్లు కలుపుతూ పోయాడు.

కారం ఎంతో తెలిసినా కాయ మంచిదో కాదో తేలదు. తేజ ఘాటుకు పేరుపడ్డ రకం. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటాకు కారం తక్కువ. అయినా చిక్కటి ఎరుపు వల్ల పచ్చళ్లవాళ్లు దాన్నే కోరుకుంటారు, చాలాసార్లు తేజను మించిన ధర పెడతారు. గుణం కాయదే, కానీ ఏ గుణానికి విలువ కట్టాలో చెప్పేది అవసరం.

రంగు అన్నిచోట్లా సాక్ష్యం కాదు. టెక్సాస్ బార్బెక్యూలో గంటల తరబడి పొగపై మగ్గిన బ్రిస్కెట్ (గొడ్డు ఛాతీ మాంసం) అంచున గులాబీ వలయం కనిపిస్తుంది. పొగలోని వాయువులు మాంసపు వర్ణకంతో కలిస్తే ఏర్పడే ఆ వలయానికి రుచి లేదు, నైట్రైట్ ఉప్పుతోనూ దాన్ని తెప్పించవచ్చు. దాన్ని చూసి హోటల్‌ను మెచ్చుకోవడం తొందరపాటే. చపాటాలో మాత్రం రంగే సరుకు.

అభిరుచులు ఎన్ని ఉన్నా, అనుభవమూ నిష్పాక్షికతా ఉన్న తీర్పరుల మాట ప్రమాణమవుతుందని 1757లో స్కాట్లాండ్ తత్వవేత్త హ్యూమ్ రాశాడు. ఎనుమాములలో అనుభవానికి కొదవలేదు. ఖరీదుదారు గుప్పెడు కాయలు తీసి, విరిచి చూసి, తేమ ఎంతో, తాలు (రంగు చెడిన కాయలు) ఎంతో చెప్పేస్తాడు. చిక్కల్లా రెండో షరతుతోనే: అక్కడ తీర్పరీ అతడే, డబ్బు కట్టేదీ అతడే. రోజు మొదట్లో జరిగే వేలమైన జెండా పాటలో పలికిన ధర అన్ని బస్తాలకూ దక్కదు, తగ్గింపుకు చెప్పే కారణం తరచూ తేమే. కొలవగలిగిన తేమను చేత్తో అంచనా కట్టడం న్యాయం కాదు. ధర తగ్గించేవారు ఏ గుణం ఎంత తక్కువైందో రైతుకు ముందే కొలిచి చూపాలి.