సిగ్గూ దాపరికమూ

చక్కెర వ్యాధి ఉందని మగవాళ్లం బ్యాంకు కౌంటరు దగ్గర నిలబడి కూడా చెప్పుకుంటాం. నడివయసులో పురుషాంగం లోపల మచ్చ కట్టి, స్తంభించినప్పుడు అది వంగిపోయే జబ్బు ఒకటుంది. దాన్ని కట్టుకున్న భార్యకైనా చెప్పం. ఈ మౌనం మర్యాదా, మోసమా?

జబ్బు కొత్తది కాదు. ఫ్రాన్సు రాజు పదిహేనో లూయీ కొలువులోని శస్త్రవైద్యుడు లా పెరోనీ 1743లోనే దీన్ని వర్ణించాడు. ఆయన పేరే దీనికి నిలిచింది. అంగంలోని గట్టి పొరకు తగిలిన చిన్న దెబ్బలు మానేటప్పుడు మచ్చ మిగులుతుందంటారు. చాలామందికి దెబ్బ తగిలిన సంగతే గుర్తుండదు. మచ్చ ఉన్నచోట పొర సాగదు కనుక వంపు. ఇది క్యాన్సరు కాదు, అంటువ్యాధి కాదు. కుర్రతనపు తప్పులకు శిక్ష అసలే కాదు. బస్టాండు గోడల మీద 'గుప్తరోగాల' వైద్యులు బతికేది ఆ అపోహ మీదనే.

నా శరీరం, నా గుట్టు, ఎవరికి నష్టం అనవచ్చు. నష్టం భార్యకు. ఆయన గోడవైపు తిరిగి పడుకుంటాడు. తనమీద మనసు విరిగిందనో, మరో మనిషి ఉందనో ఆమె అనుకుంటుంది. చేయని నేరానికి శిక్ష అనుభవిస్తుంది. ఇద్దరి పేర ఉన్న ఖాతాలో నష్టాన్ని రెండోవారి దగ్గర దాచే హక్కు ఎవరికుంది? అలాగని ఊరంతా చాటమనటం లేదు. భార్యకూ వైద్యుడికీ తెలిస్తే చాలు, సిగ్గు సిగ్గుగానే ఉండవచ్చు.

మొదటి నెలల్లో నొప్పి ఉంటుంది, వంపు మారుతుంది. ఏడాది, ఏడాదిన్నరలో సాధారణంగా నిలకడకు వస్తుంది. శస్త్రచికిత్స మాట ఆ తర్వాతే. వంపు కొద్దిగా ఉండి ఇబ్బంది లేకపోతే ఏమీ చేయనక్కరలేదు. మచ్చను కరిగించే కొల్లాజినేజ్ ఇంజెక్షనుకు అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది. ఏళ్లతరబడి రాసిచ్చిన విటమిన్-ఇ మాత్రలు వద్దని అక్కడి యూరాలజిస్టుల సంఘం 2015లో చెప్పింది.

మనకు ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, ఆస్పత్రిలో తమిళమో కన్నడమో ఒడియానో. పైగా ఆ అవయవానికి ఇంటి తెలుగులో ఉన్నవి తిట్లే. పుస్తకాల మాట నోటికి రాదు. అయితే వంకర, గట్టి, నొప్పి అన్న మూడు మాటలతో పని జరుగుతుంది. వాటిని ఏ భాషలోనైనా అడిగి నేర్చుకోవచ్చు. ఇంట్లో తీసుకున్న ఫోటో ఒకటి చూపితే యూరాలజిస్టుకు వంపు ఎంతో తెలుస్తుంది, సగం మాటలు అక్కడే తప్పుతాయి.