సోమరి అని ఎవరిని అనాలి?

మా ఇంట్లో ‘సోంబేరి’ అనే మాట ఇద్దరికి పడింది. ఒకటి నాకు, ఇంకొకటి మా అన్నకు. నాకు పడినప్పుడు అది సరైన మాటే. సైన్సు రికార్డు రాయమని టీచర్ నెల ముందే చెప్పినా, ఇవ్వాల్సిన రోజు తెల్లవారుజామున మూడు గంటలకు లేచి గుండె బొమ్మ వేసే రకం నేను. అన్నకు పడినప్పుడు మాత్రం అది తప్పు మాట. ఆ తప్పు చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

అన్న హోసూరులోనే డిప్లొమా చదివాడు. రెండు పేపర్లు మిగిలిపోయాయి. అప్పటినుంచి పొద్దున పదకొండు దాకా పడక దిగేవాడు కాదు. స్నానానికి అవ్వ నాలుగుసార్లు పిలవాలి. పరీక్ష ఫీజు కట్టే ఆఖరి తేదీ కూడా దాటిపోయింది. నాయన షిఫ్టు ముగించుకుని వచ్చి, ఏమీ అనకుండా ఒకసారి చూసి కాళ్ళు కడుక్కోవడానికి పోయేవాడు. ఒకరోజు రేషన్ షాపుకు పొమ్మంటే అన్న లేవలేదు. "నీకు అన్నం పెట్టేదే దండగ, సోంబేరి" అన్నాను నేను. అన్న నన్ను తిరిగి తిట్టలేదు, గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

తరువాత బెంగళూరులో డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, ఇది సోమరితనం కాదు, డిప్రెషన్ అనే జబ్బు అన్నారు.

ఈ మధ్య మా సైన్సు టీచర్ పనులు వాయిదా వేసే అలవాటు మీద పారిస్‌లో జరిగిన ఒక పరిశోధన గురించి క్లాసులో చెప్పారు. అక్కడి బ్రెయిన్ ఇన్‌స్టిట్యూట్‌లో లె బూక్, పెసిగ్లియోన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాన్ని చేసి 2022లో ప్రచురించారు. 51 మందిని ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకోబెట్టి చిన్న చిన్న ప్రశ్నలు అడిగారు. ఇప్పుడు కొంచెం కష్టపడతావా, లేక కొన్నాళ్ళ తరువాత ఎక్కువ కష్టపడతావా? ఇప్పుడు చిన్న బహుమతి కావాలా, ఆగి పెద్దది తీసుకుంటావా? మెదడులో ఏ భాగం పనిచేస్తుంటే అక్కడికి ఆక్సిజన్ ఉన్న రక్తం ఎక్కువ చేరుతుంది, దాన్ని ఆ యంత్రం పట్టుకుంటుంది. నాకు నచ్చింది ఆ తరువాతి భాగం. వాళ్ళందరికీ పది దాకా ఫారాలు ఇచ్చి ఇంటికి పంపారు. నెలలోపల నింపి పంపితేనే డబ్బులు! కొందరు తొందరగా పంపారు, కొందరు సాగదీశారు. ఎవరు ఎంత సాగదీస్తారో యంత్రంలో కనబడినదాన్ని బట్టి కొంతవరకు ముందే లెక్కకట్టగలిగారట.

వాళ్ళు చెప్పింది ఏమిటంటే, వాయిదా వేసేవాళ్ళకు ఈ రోజు చేయాల్సిన కష్టం పెద్దగా కనిపిస్తుంది, అదే కష్టం రేపటికి జరిపితే చాలా చిన్నదైపోతుంది. చదివినట్టు కాదు, నన్ను చూసినట్టే ఉంది! ఆదివారం సాయంత్రం రికార్డు కొండంత ఉంటుంది. సోమవారం చేద్దాంలే అనుకోగానే గులకరాయంత అవుతుంది. సోమవారం వస్తే మళ్ళీ కొండే.

ఇది విని మా క్లాసులో ఒకడు లేచి, "అయితే నేను హోంవర్కు చేయకపోతే తప్పు నాది కాదు సార్, నా మెదడుది" అన్నాడు. అందరమూ నవ్వాము. ఇంటికి వచ్చాక ఆ మాట నన్ను వదల్లేదు. మెదడులో ఉందంటే తప్పు కాదా? అట్లయితే నేను ఎప్పుడైనా మంచి మార్కులు తెచ్చుకుంటే అది కూడా నాది కాదు, మెదడుదే. మార్కులు నావి, వాయిదాలు మెదడువి అంటే కుదరదు కదా. మనం ఏం చేసినా యంత్రంలో ఏదో ఒకటి కనిపిస్తుంది. కనిపించినంత మాత్రాన తప్పు పోదు, తప్పు రాదు కూడా.

మరి అన్న సంగతి? 2005లో హెలెన్ మేబర్గ్ అనే డాక్టరు, కెనడాలోని టొరంటోలో తోటి డాక్టర్లతో కలిసి, ఏ మందుకూ తగ్గని డిప్రెషన్ ఉన్న ఆరుగురికి చికిత్స చేశారు. మెదడు చిత్రాల్లో ‘25’ అని నంబరు పెట్టిన చోటు అతిగా పనిచేస్తోందని కనబడితే, అక్కడికి సన్నని తీగలు పంపి కొద్దిగా కరెంటు ఇచ్చారు. ఆరు నెలల తరువాత నలుగురికి బాగా నయంగా ఉంది. ఇష్టంగా పడుకున్నవాడు ఎవడైనా తలలో తీగ పెట్టించుకుంటాడా? నేను రికార్డు పక్కన పెట్టినప్పుడు త్రోబాల్‌కు పరుగెత్తుతాను, జాతరకు పోతాను. నాకు అన్నీ కావాలి, రికార్డు ఒక్కటే వద్దు. అన్నకు క్రికెట్ కూడా వద్దు. స్నేహితులు వచ్చి గేటు దగ్గర పిలిచి పిలిచి పోయేవాళ్ళు. మేము చూసింది మాత్రం రేషన్ షాపుకు పోకపోవడం ఒక్కటే.

అమ్మ తిడితే నేను లేచి పని ముగిస్తాను. అదే తిట్టుకు అన్న ఇంకా లోపలికి ముడుచుకుపోయాడు. అందుకని తిట్టు నాకు మంచిదే అని కూడా చెప్పలేను. దానివల్ల నాకు వచ్చింది మూడు గంటల మెలకువే, ముందురోజే చేసే బుద్ధి ఇంకా రాలేదు.

ఒక సంగతి మరిచిపోయాను. బెంగళూరు డాక్టరు మా అన్న మెదడుకు ఫోటో తీయనే లేదు. దానికి అవ్వకు చాలా అసంతృప్తి. "ఫోటో తీయకుండానే ఎట్ల తెలుసుకునిందమ్మా?" అని బస్సులో అమ్మను అడుగుతూనే వచ్చింది. డాక్టరమ్మ అన్నను, అమ్మను వేరువేరుగా కూర్చోబెట్టి మాట్లాడించారు, అంతే. నిద్ర ఎట్లా ఉంది, ఆకలి ఉందా, దేనిమీదైనా ఇష్టం పుడుతోందా, ఎన్నాళ్ళుగా ఇట్లా ఉంది అని అడిగారు. వీటిలో ఒక్కదానికీ పెద్ద యంత్రం అక్కరలేదు. ఒకే గదిలో పడుకునే నేను అడగగలిగిన ప్రశ్నలే అవి. నేను అడగలేదు.

అన్న ఇప్పుడు నయం. పొద్దున ఏడుకు లేచి పాలు తెస్తున్నాడు. ఒక పేపరు రాశాడు, ఇంకొకటి ఉంది.

ఆ రోజు అన్న మాటకు నేను ఇంతవరకు క్షమించమని అడగలేదు. ఉగాదికి అడుగుదాం అనుకున్నాను, తరువాత నా పరీక్షలు అయ్యాక అనుకున్నాను. దీనికి మాత్రం పారిస్ యంత్రం అక్కరలేదు, ఇది నేనే.

ఈ వ్యాసం పత్రికలో వస్తే ఊళ్ళో అందరూ చదువుతారు కాబట్టి, రాయొచ్చా అని నిన్న రాత్రి అన్నను అడిగాను. "రాసుకో, నా పేరు మాత్రం వద్దు" అన్నాడు. రెండో మాట కూడా అప్పుడే అడగాలనుకున్నాను. అంతలో కరెంటు పోయింది, అన్న టార్చి వెతకడానికి లేచాడు. వ్యాసం టీచర్‌కు ఇవ్వాల్సింది శుక్రవారం. ఈ రోజు బుధవారం.