రాజు మతం, జనం మతం

ఉపాసక, ఉపాసికలారా, మన సభల్లో తరచుగా వినపడే మాట ఒకటుంది: రాజ్యం మనవాళ్ల చేతికొస్తే ధమ్మం దానంతటదే నిలబడుతుందని. మన ప్రత్తిపాడు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం కాబట్టి ఇక్కడ ఇంకొంచెం గట్టిగానే వినపడుతుంది. పాలించేవాడి మతమూ జనం మతమూ ఒకటైతేనే జనానికి రక్షణా?

ఇంగ్లాండు సంగతి చూడండి. 1685లో గద్దెనెక్కిన రెండో జేమ్స్ క్యాథలిక్. జనంలో అత్యధికులు ప్రొటెస్టెంట్లు. ఎవరి మతం వాళ్లు పాటించుకోవచ్చని 1687లో ప్రకటించాడు. వినడానికి మంచి మాటే. కానీ పార్లమెంటు చేసిన చట్టాల్ని తన ఒక్కడి హుకుంతో పక్కనబెట్టి ఇచ్చాడు. హుకుంతో ఇచ్చినవాడు హుకుంతోనే లాక్కోగలడు గదా! జనం నమ్మలేదు. 1688 చివర్లో దేశం విడిచి పారిపోయాడు. తర్వాతోళ్లు న్యాయంగా ఉన్నారా అంటే అదీ లేదు. క్యాథలిక్కు గద్దె ఎక్కకూడదని 1701లో చట్టం చేశారు. ఆ నిషేధం నేటికీ ఉంది.

మనకు దగ్గరి కథ నాగార్జునకొండది. మూడో శతాబ్దంలో విజయపురిని ఏలిన ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేసిన వైదికుడు. ఆయన తోబుట్టువు శాంతిశ్రీ మాత్రం, మేనల్లుడు వీరపురుషదత్తుడి ఏలుబడి ఆరో ఏట, బుద్ధుని మహాచైత్యానికి దానాలిచ్చి నిలబెట్టింది. ఉపాసిక బోధిశ్రీ రాణి కాదు, అయినా సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. యాగమూ చైత్యమూ ఒకే ఇంట్లో ఇమిడాయి. దీన్ని గొప్ప సహనమని మనవాళ్లు మురిసిపోతారు. నాకు సగమే ఒప్పుదల. నాలుగో శతాబ్దంలో ఇక్ష్వాకులు పోయారు, ఆ దానాలూ ఆగాయి. రాజు వైదికుడైనందుకు ఆరామాలు కూలలేదు, రాజుగారి ఆడవాళ్లు బౌద్ధులైనందుకు కలకాలం నిలవనూ లేదు. దయ మీద బతికింది దయతోపాటే పోయింది.

ఎంత గొప్పవాడి పాదాల దగ్గరైనా మీ స్వేచ్ఛను పెట్టొద్దని బాబాసాహెబ్ 1949 నవంబర్ 25న రాజ్యాంగసభలో హెచ్చరించారు. 25వ అధికరణంలో అంతరాత్మ స్వేచ్ఛ హక్కుగా ఉంది, ఎవరి దయా కాదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్న లక్షల మంది ఏ పాలకుడి అనుమతీ అడగలేదు.

అయినా రాజ్యం మతం చూడడం మానలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాకు మతాన్ని ముడిపెట్టింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు. దళిత క్రైస్తవులు ఇంకా బయటే ఉన్నారు. మిరపకాయ కోతకు ఒకే ముఠాలో వెళ్లే తోడికోడళ్లలో ఒకామె బుద్ధవందన చదువుతుంది, ఇంకొకామె చర్చికి పోతుంది. గ్లాసు వేరుగా పెట్టినవాడు వీళ్ల మతం అడిగి పెట్టాడా? మనకొచ్చింది గదా అని 1990 నుంచి మనలో చాలామంది ఊరుకున్నారు. రాజ్యం చేతిలో లేని రోజునే ఆ రెండో ఆమె హక్కు గురించి నోరెత్తనివాళ్లం, చేతికొచ్చాక ఎత్తుతామా?