మనువు దోసిట్లో చేప

మహాభారతం అరణ్యపర్వంలో వైవస్వత మనువును ఒక చిన్న చేపపిల్ల శరణు వేడుతుంది. పెద్ద చేపలు మింగేస్తాయి, కాపాడమంటుంది. మనువు దాన్ని కుండలో పెంచాడు. పెరిగాక బావిలోకి, అదీ చాలకపోతే గంగకు, చివరికి సముద్రానికి మోసుకెళ్లాడు. ప్రళయం, పడవ అందరికీ గుర్తుంటాయి. నాకు ఆ మోత ముఖ్యం. చేపను చేతిలోకి తీసుకున్నవాడు దాని నీటికి కూడా పూచీ పడాలి. ఆ పూచీ ఎంతవరకు?

నేను పెబ్బేరు మత్స్య కళాశాలలో చదివాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు చేపల చెరువుల నీళ్లు పరీక్షిస్తుంటాను. తెల్లవారకముందే వెళ్లాలి. రాత్రంతా చేపలు, నాచు, అడుగు బురద అన్నీ ప్రాణవాయువు పీల్చుకుంటాయి కాబట్టి పొద్దు పొడిచే ముందే అది బాగా తగ్గిపోతుంది. గాలి బుడగ లేకుండా సీసాలో నీళ్లు పట్టి మాంగనీస్ సల్ఫేట్, క్షార అయోడైడ్ కలిపితే, ప్రాణవాయువు ఉన్నచోట గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేనిచోట తెల్లగా దిగుతుంది. మేత మితిమీరిన చెరువులో అడుగు నీళ్లు పడితే సీసాలో తెలుపే. పైన గట్టు పొడవునా బొచ్చెలు నోళ్లు తెరిచి గుటకలు వేస్తుంటాయి.

మేతగా పడేది పల్లిచెక్క, తవుడు. ఎరువుగా కోళ్ల పెంట. మేతలోని నత్రజనిలో సగానికి పైగా చేప ఒంటికి పట్టదు, నీటిలోనే ఉండిపోతుంది. చేపలు పట్టేశాక ఆ నీళ్లు వాగులోకి వదిలేస్తారు. వాగు కృష్ణకు చేరుతుంది.

చేపను పెంచి చంపడమే పాపమైనప్పుడు నీటి గురించి ధర్మం మాట్లాడటమేమిటని కొందరు అడిగారు. నేను ఒప్పుకోను. జూరాల దగ్గర వల బాగుచేసుకుంటున్న ఒక ముదిరాజు పెద్దాయన నాతో అన్నాడు: "పట్టుకొని తింటే గంగమ్మ ఏమనదు బిడ్డా. ఆమెనే ఖరాబు చేస్తే అడుగుతది." ఆయన మాటే నాకు సరైన శాస్త్రంగా తోచింది. మన పెద్దలు సప్తసంతానాల్లో కొడుకుతో పాటు, గుడితో పాటు చెరువునూ లెక్కవేశారు. కన్నబిడ్డ లాంటి నీటిని పాడుచేసి చేపను బాగా పెంచానంటే ఆ లెక్క కుదరదు.

ఇంకొక సంగతి. బొచ్చె, రవ్వ గంగ పరీవాహకంలో పుట్టిన చేపలు. మనువు చేపను గంగకు తీసుకెళ్లాడు, మనం గంగ చేపలను కృష్ణకు తెచ్చాం. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. మత్స్యకారులకు అది కూడు, నేను వద్దనను. కానీ నిషేధం ఉన్నా దొంగచాటుగా పెంచే ఆఫ్రికా క్యాట్‌ఫిష్ సంగతి వేరు. వానకు గట్టు తెగి అది వాగులో పడితే పరకలను, కొర్రమట్ట పిల్లలను మింగేస్తుంది. పెద్ద చేపల నుంచి కాపాడమని ఈనాడు శరణు అడుగుతున్న చేపపిల్ల మన చెరువులో లేదు, గట్టు బయట ఉంది. మన పూచీ అక్కడిదాకా పోవాలి.

చేపలు పెంచే అన్నలారా, చెరువు ఖాళీ చేసేటప్పుడు ఆ నీళ్లు వాగుకు వదలకండి, పక్కనున్న వరిమడికి పెట్టండి. అందులోని నత్రజని పైరుకు ఎరువవుతుంది. తూముకు సన్న జాలీ కట్టండి. క్యాట్‌ఫిష్ పిల్లలు ఎవరు తెచ్చిచ్చినా తీసుకోకండి.