రంగు ఎవరిది?

కళాసృష్టిలో స్నేహానికి గల స్థానాన్ని విమర్శకులు తరచు ప్రస్తావిస్తారు. ఆ స్నేహం వల్ల ఏర్పడే ఋణాన్ని గురించి ఆలోచించేవారు తక్కువ. ఒకరి ఊహ మరొకరి చేతిలో రూపం ధరించినప్పుడు ఆ కృతి ఎవరిదవుతుంది? పలువురి శ్రమ కలిస్తే తప్ప పూర్తికాని వస్త్రకళలో ఈ ప్రశ్న అనివార్యం.

పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండు ఇందుకొక ఉదాహరణ. 1856లో విలియం పెర్కిన్ కృత్రిమమైన ఊదారంగును కనుగొన్న తరువాత, బొగ్గు తారునుండి తీసిన రంగులు క్రమంగా అద్దకశాలలను ఆక్రమించాయి. కవి, రూపకర్త అయిన విలియం మోరిస్‌కు ఆ రంగులు రుచించలేదు. 1875లో ఆయన లీక్ పట్టణంలో అద్దకశాల నడుపుతున్న థామస్ వార్డల్‌ను ఆశ్రయించాడు. మిత్రులిద్దరూ పాత గ్రంథాలలోని పద్ధతులను వెలికితీసి, వేళ్లతో, ఆకులతో రంగులు తీసే విద్యను పునరుద్ధరించడానికి పూనుకున్నారు. మోరిస్ స్వయంగా తొట్టెల వద్ద నిలిచి, చేతులు నీలమయ్యే వరకు పనిచేశాడు.

నీలిమందు నీటిలో కరగదు. తొట్టెలో దాని రూపం మారితేనే నూలును పట్టుకుంటుంది. బయటకు తీసిన గుడ్డ మొదట పసుపుపచ్చగా ఉండి, గాలి తగిలిన కొద్దీ నీలమవుతుంది. ఎన్నిసార్లు ముంచాలో, ఎప్పుడు తీయాలో గ్రంథం కొంతవరకే చెప్పగలదు. తక్కినది చేతికి అలవడాలి. ఆ నైపుణ్యం వార్డల్‌ది, ఆయన వద్ద పనిచేసినవారిది కూడా.

రంగులు నిలవడం లేదని మోరిస్ తన లేఖలలో పదేపదే అసంతృప్తి తెలిపాడు. చివరకు 1881లో మెర్టన్ ఆబీలో సొంత అద్దకశాల నెలకొల్పుకున్నాడు. 1883లో అక్కడ వెలువడిన ‘స్ట్రాబెరీ దొంగ’ అనే వస్త్రం నీలి అద్దకానికి ప్రసిద్ధమైన నమూనా. నేడు అది మోరిస్ పేరనే చెలామణి అవుతోంది. అయినా వార్డల్‌కు తీరని అన్యాయం జరిగిందనడం సరికాదు. భారతదేశపు టస్సర్ పట్టుకు రంగులద్దడంలో ఆయన స్వతంత్రంగా ఖ్యాతి గడించాడు. 1897లో సర్ బిరుదు పొందాడు. ఇద్దరూ ఒకరితో ఒకరు వాదించగల సమానులు. సమానుల మధ్య ఋణం మాటతోనో, లేఖతోనో, మరో సహాయంతోనో తీరుతుంది.

తీరని ఋణం వేరొకటి ఉంది. నాటి బ్రిటన్‌కు నీలిమందు అధికంగా వెళ్లింది బెంగాల్, బీహారు పొలాలనుండి. బలవంతపు సాగును సహించలేక బెంగాల్ రైతులు 1859-60లో తిరగబడ్డారు. ఆ వ్యథను దీనబంధు మిత్ర 1860లో ‘నీల్ దర్పణ్’ నాటకంగా మలిచాడు. చంపారన్ రైతు బిఘాకు మూడు కఠాల నేలలో నీలి వేయవలసిన నిర్బంధం 1917 నాటి ఉద్యమం తరువాతగాని తొలగలేదు. ఈ రైతులు ఏ రూపకర్తకూ మిత్రులు కారు. వారికి వాదించే చోటు లేదు. తొట్టెలో వారి పేరు లేదు.

అప్పు తీసుకోని కళ ఎక్కడుంది, ప్రతి ఋణాన్నీ లెక్కిస్తే చేయి కదలదు కదా అని ఆక్షేపించవచ్చు. ఈ ఆక్షేపణలో సత్యం ఉంది. ప్రేరణ పొందడం దోషం కాదు. ఇచ్చినవారిని మరుగుపరచడం, అడగలేనివారి వద్ద చౌకగా కొనడం దోషాలు. మొదటి దోషాన్ని కృతజ్ఞత సరిదిద్దుతుంది. రెండవదానికి కృతజ్ఞత చాలదు, న్యాయం కావాలి.

స్వదేశంలోనూ ఈ విచక్షణ అవసరం. శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో తడిపి ఆరబెడతారు. బెల్లంలో ఇనుపముక్కలు ఊరవేసి నలుపు తీస్తారు. వెదురు కలంతో గీసి, మాటిమాటికీ పారే నీటిలో ఉతుకుతారు. గీసే చేయి ఒకటైతే, ఉతికే చేతులు వేరు కావచ్చు. భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో రూపొంది 2003లో అమలులోకి వచ్చింది. శ్రీకాళహస్తి కలంకారీ, పోచంపల్లి ఇక్కత్ దానికింద నమోదయ్యాయి. ఈ రక్షణ విలువైనదే. అయితే అది ఊరి పేరును కాపాడుతుందిగాని, ఆ ఊరిలో ఎవరికెంత కూలి ముట్టాలో నిర్ణయించదు.

కనుక ప్రదర్శనలు నిర్వహించే సంస్థలు రూపకర్త పేరు పక్కన అద్దినవారి పేరు, నేసినవారి పేరు చేర్చడం తొలిమెట్టు మాత్రమే. ధర పలికినప్పుడు అందులో వారి వాటా ఎంతో కూడా అదే పట్టికలో కనిపించిననాడు, ‘రంగు ఎవరిది?’ అన్న ప్రశ్నకు సమాజం నిజాయితీగా సమాధానం వెదకడం ప్రారంభించినట్లవుతుంది.